వేవిళ్ళకి ఏది పనిచేస్తుంది: సొంఠా, మాత్రా, సెలైనా?

నాకు రెండో నెల నిండుతున్న వారంలో ఒకే రోజు నలుగురు నాలుగు మందులు చెప్పారు. అత్తగారు సొంఠి కషాయం అన్నారు. అమ్మ ఫోన్లో చింతకాయ నంచుకోమంది. పక్క వాటాలో ఉండే పిన్నిగారు జీలకర్ర నీళ్ళు మరిగించి గ్లాసుతో సహా మా గుమ్మంలోకి వచ్చేశారు. సాయంత్రం మా విశాఖ పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళిన మా ఆయన మెడికల్ షాపులో అడిగితే, కౌంటర్లో కుర్రాడు చీటీ కూడా అడక్కుండా ఒక స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చేశాడు. అందరిదీ మంచి మనసే. కాబట్టి మూడూ వరసగా పుచ్చుకున్నాను, మూడూ చీకటి పడేలోపే బయటికొచ్చేశాయి. మాత్ర మాత్రం భయమేసి వేసుకోలేదు. అదేం మాత్రో తర్వాత డాక్టరమ్మ చూసి చెప్పారు, ఆ సంగతి కింద వస్తుంది.

ఆ తర్వాత నావే రెండు కాన్పులయ్యాయి. తోటికోడలిదీ, చెల్లిదీ దగ్గరుండి చూశాను. ఒకరికి పనిచేసింది ఇంకొకరికి పనిచేయలేదు. నా మొదటిసారి మందు రెండోసారి నాకే పనిచేయలేదు. అందుకే ఎవరైనా "వేవిళ్ళకి ఏది మంచిది?" అని అడిగితే నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: పొద్దుట్నుంచి ఎన్ని నీళ్ళు లోపల నిలిచాయి? ఒంటేలుకి ఎన్నిసార్లు వెళ్ళావు? ఈ రెండూ తెలిస్తే సొంఠి దగ్గర ఆగొచ్చా, మాత్రకి వెళ్ళాలా, ఆసుపత్రికే పోవాలా అన్నది దాదాపు తేలిపోతుంది.

ముందు మీరు ఎక్కడున్నారో చూసుకోండి

పదిమంది గర్భిణుల్లో ఏడెనిమిది మందికి ఎంతో కొంత వికారం ఉంటుంది. మామూలుగా ఆరో వారం దగ్గర మొదలై, తొమ్మిదో వారం చుట్టూ బాగా ముదిరి, మూడో నెల దాటాక తగ్గుముఖం పడుతుంది. ఎక్కువమందికి 16 నుంచి 20 వారాల మధ్య పోతుంది. ఇంగ్లీషువాళ్ళు దీనికి మార్నింగ్ సిక్‌నెస్ అని పేరు పెట్టారు గానీ, నాకు సరిగ్గా సాయంత్రం నాలుగింటికి మొదలయ్యేది. రోజంతా ఉండేవాళ్ళూ ఉన్నారు.

ఇది "మనసులో బెంగ" వల్ల వచ్చేది కాదని మాత్రం మీ ఇంట్లోవాళ్ళకి గట్టిగా చెప్పండి. మాయ (ప్లాసెంటా) నుంచి జీడీఎఫ్15 అనే హార్మోను తల్లి రక్తంలోకి వచ్చి, మెదడులో వాంతిని పుట్టించే చోటు మీద పనిచేస్తుందని 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. గర్భానికి ముందు ఒంట్లో ఆ హార్మోను తక్కువగా ఉన్నవాళ్ళకి, అలవాటు లేక, దెబ్బ గట్టిగా తగులుతుందట. మా తోటికోడలు ఐదు నెలలూ మంచం దిగలేదు. "గారాబం" అన్న మాట ఆమె వినని రోజు లేదు.

ఇప్పుడు లెక్క. కాస్త తిప్పుతోంది, రోజుకి ఒకటి రెండు వాంతులు, తిన్నదాంట్లో సగం పైగా నిలుస్తోంది, మూత్రం లేత రంగులోనే ఉంది అంటే మీది మొదటి మెట్టు. తిండి మార్పులు, అల్లంతో గడిచిపోతుంది. రోజుకి మూడు నాలుగు సార్లు పైన అవుతోంది, ఆఫీసుకో వంటింట్లోకో వెళ్ళలేకపోతున్నారు అంటే రెండో మెట్టు. ఇక్కడ చిట్కాలతో వారాలు నెట్టకుండా మాత్ర గురించి డాక్టరుని అడగాలి. మంచినీళ్ళు కూడా నిలవడం లేదు, ఎనిమిది గంటలుగా మూత్రం రాలేదు లేదా టీ డికాక్షన్ రంగులో వస్తోంది, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి, బరువు తగ్గిపోతోంది అంటే మూడో మెట్టు. దాన్ని హైపరెమెసిస్ అంటారు. గర్భానికి ముందున్న బరువులో నూటికి ఐదు వంతులు తగ్గడం దాని గుర్తు. అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే చాలు. అక్కడ ఇంటివైద్యం పనిచేయదు.

ఇంకొక ముక్క. వికారం మొదటిసారి తొమ్మిది వారాలు దాటాక మొదలైతే, లేదా జ్వరం, కడుపునొప్పి, మూత్రంలో మంట దానితో కలిసి ఉంటే, అది వేవిళ్ళు కాకపోవచ్చు. ఇన్ఫెక్షనో, థైరాయిడో, లివరో చూడాలి. ఐదో నెల తర్వాత తలనొప్పితో, పొట్ట పైభాగంలో నొప్పితో వాంతులు మొదలైతే ఆ రోజే బీపీ చూపించుకోండి.

పొడి తిండా, పులుపా, చల్లటిదా?

ఈ మూడింట్లో నా ఓటు పొడి తిండికి. పేరు గొప్పది కాదు, పని గొప్పది. ఖాళీ కడుపే వికారానికి పెద్ద చుట్టం. రాత్రంతా ఖాళీగా ఉన్న కడుపుతో ఒక్కసారిగా లేచి కూర్చుంటే అది తిరగబడుతుంది.

మా ఆయనకి స్టీల్ ప్లాంట్‌లో ‘ఏ’ షిఫ్టు, అంటే పొద్దుటి షిఫ్టు, పడితే తెల్లవారకుండానే వెళ్ళిపోవాలి. రాత్రే ఒక చిన్న స్టీలు డబ్బాలో మురీలు (మరమరాలు) పోసి, మూత సగం తీసి, తలగడ పక్కన పెట్టి వెళ్ళేవారు. మూత సగం ఎందుకంటే, పొద్దున్నే ఆ మూత లాగే బలం, ఆ చప్పుడు, రెండూ నాకు పనికిరావు. కళ్ళు తెరవకుండా చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, పడుకునే నమిలేదాన్ని. పావుగంట అలాగే పడుకుని అప్పుడు మెల్లగా ఒత్తిగిలి లేచేదాన్ని. ఈ ఒక్క పనితో పొద్దుటి వాంతి వారంలో ఐదు రోజులు తప్పింది. మురీలు వాన రోజుల్లో మెత్తబడిపోతాయి, మన సముద్రపు గాలికి మరీను. అప్పుడు రస్కు గానీ, ఉప్పు బిస్కెట్టు గానీ, వేయించిన శనగలు గానీ. శనగల్లో మాంసకృత్తులు ఉంటాయి కాబట్టి ఎక్కువసేపు ఆకలేయకుండా ఆపుతాయి. నాకైతే మురీల కన్నా అవే బాగా పనిచేశాయి.

తర్వాత పగలంతా రెండు గంటలకోసారి కాస్త కాస్త. మూడు పూటలా కంచం నిండా అన్నం అన్న పద్ధతిని మూడో నెల దాటేదాకా పక్కన పెట్టేయండి.

పులుపు మాట. చింతకాయ, ఉసిరికాయ, నిమ్మకాయ, మార్చి ఏప్రిల్లో అయితే పచ్చి మామిడికాయ. నోట్లో చేదు రుచిని పులుపు మరిపిస్తుంది, అది నిజం. నిమ్మకాయ కోసి వాసన చూసినా కొంతమందికి హాయిగా ఉంటుంది. కానీ ఖాళీ కడుపున పులుపు తింటే గుండెల్లో మంట మొదలై, మంట వల్ల ఇంకో వాంతి అవుతుంది. పులుపు ఏదైనా తిండి తర్వాత నోటికి రుచిగా నంచుకోండి, పొట్ట నింపుకోవడానికి కాదు. నిలవ పచ్చళ్ళు మరీ కారంగా, ఉప్పగా ఉంటాయి. నేను ఆవకాయ బద్ద కడుక్కుని తినేదాన్ని. అత్తగారు చూసి మొహం తిప్పుకున్నారు.

వేడివేడి అన్నం కన్నా చల్లటి తిండి తేలిక, ఎందుకంటే ఆవిరి ఉండదు, వాసన ఉండదు. మనకి దీనికి కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు. చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఒక ఉల్లిపాయ ముక్క, ఉప్పు. ఉల్లిపాయ వాసన పడకపోతే వద్దు. ఉత్తరాంధ్ర పల్లెల్లో తరవాణి (నీళ్ళలో పులవబెట్టిన అన్నం) కుండ ఉండే ఇళ్ళల్లో అయితే అది సరేసరి. అయితే ఎండాకాలంలో మన వాతావరణానికి పులుపు మితిమీరుతుంది, కాబట్టి ఒక రాత్రి నానినదే వాడండి, పాత కుండ అడుగున ఉన్నది వద్దు. చోడి (రాగి) అంబలి చల్లార్చి, పల్చగా మజ్జిగ కలిపి తాగడం ఇంకో దారి. నా రెండో కాన్పులో అన్నం మొహం చూడలేనప్పుడు నెల రోజులు నన్ను నిలబెట్టింది చోడంబలే.

వాసనల గురించి ఒక్క మాట చెప్పాలి. మాది పాతపోస్టాఫీసు వైపు. ఆదివారం పదకొండు గంటలకి నాలుగు వాటాల్లో నాలుగు చేపల పులుసులు, వాటికి తోడు పై వాటాలో ఎండు నెత్తళ్ళ వేపుడు. మొదటిసారి కిటికీలు మూసుకున్నాను, ఉక్కకి ఇంకా తిప్పింది. రెండోసారి తెలివొచ్చి ఆ టైముకి బీచ్ గాలికి పోయేదాన్ని. ఇంట్లో వంట వేరొకరు చేస్తామంటే మొహమాటపడకండి. ఎవరూ లేకపోతే తాలింపు పెట్టే వంటలు మానేసి పప్పు, ఆనపకాయ కూరల్లాంటివి ఒకేసారి కుక్కర్లో పడేయండి. కుక్కర్ మూత మీరు తీయకండి, ఆ మొదటి ఆవిరే అన్నిటికన్నా ప్రమాదం.

తాగేవాటిలో ఏది?

వాంతులయ్యేటప్పుడు తిండి కన్నా నీళ్ళే ముఖ్యం. నాలుగు రోజులు సరిగా తినకపోయినా బిడ్డకి ఏమీ కాదు, నీళ్ళు లేకపోతే తల్లి పడిపోతుంది. ఇక్కడ అందరూ చెప్పేది కొబ్బరిబొండం. మంచిదే, కానీ దానిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. వాంతుల్లో పోయే ఉప్పు దానితో తిరిగి రాదు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ అందుకు మేలు, నిలిస్తే. నాకు మొదటిసారి పాల వాసన ఉన్నదేదీ నిలవలేదు.

గట్టిగా వాంతులవుతుంటే మటుకు వీటన్నిటికన్నా ఓఆర్ఎస్సే ఎక్కువ. పెద్ద ప్యాకెట్టు ఒకటి సరిగ్గా లీటరు నీళ్ళలో. గ్లాసులో సగం ప్యాకెట్టు కలిపి గడగడా తాగేస్తే ఉప్పగా తగిలి మళ్ళీ వాంతవుతుంది. ఫ్రిజ్‌లో చల్లగా చేసి, ఐదు నిమిషాలకి రెండు చెంచాలు. అవును, చెంచాతోనే. విసుగ్గా ఉంటుంది, టీవీ చూస్తూ తాగండి. ఆసుపత్రి గూళ్ళలో, షాపుల్లో ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకున్న పళ్ళరసం డబ్బాలు చాలాకాలం అమ్మారు. అవి తీపి నీళ్ళే. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి వాటి మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసున్న పొడి ప్యాకెట్టే అడగండి. దొరకని రాత్రి లీటరు నీళ్ళకి ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టినవి.

గోలీసోడా ఒక గుటక తాగి త్రేన్చితే హాయి అనిపిస్తుంది. రెండు గుటకల వరకు సరే. సీసా మొత్తం తాగితే గ్యాసు కడుపుని ఉబ్బించి పని చెడగొడుతుంది. కాఫీ, టీ ఖాళీ కడుపున వద్దు, తర్వాత కూడా రోజు మొత్తానికి కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకూడదు.

భోజనంతో పాటు నీళ్ళు తాగకండి, అరగంట ఎడం ఉండనివ్వండి. ఇంకోటి, వాంతయిన వెంటనే పళ్ళు తోమకండి. అందరం ముందు చేసే పని అదే. కడుపులో ఆమ్లం పంటి పైపొరని మెత్తబరిచి ఉంటుంది, బ్రష్ దాన్ని గీరేస్తుంది. గ్లాసు నీళ్ళలో చిటికెడు వంటసోడా వేసి పుక్కిలించి, అరగంట ఆగి తోముకోండి.

సొంఠా, బీ6 ఆ, డాక్సినేట్ ఆ, ఎమెసెట్ ఆ?

అసలు అందరూ తేల్చుకోలేక టెన్షన్ పడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

అల్లానికి పరిశోధనల మద్దతు ఉంది. వికారాన్ని బాగానే తగ్గిస్తుంది, వాంతుల లెక్కని అంతగా తగ్గించదు. పరిశోధనల్లో వాడిన మోతాదు రోజుకి సుమారు ఒక గ్రాము పొడి, నాలుగు సార్లుగా. మన లెక్కలో సొంఠి పొడి అర టీస్పూను, అదీ రోజు మొత్తానికి. మా అత్తగారి కషాయంలో ఒక్క గ్లాసుకే రెండు చెంచాలు పడింది, మిరియాలు అదనం. గుండెల్లో నిప్పు పెట్టినట్టయి అది వచ్చిన దారినే పోయింది. తప్పు సొంఠిది కాదు, మోతాదుది. ఆ తర్వాత నేను గోరంత అల్లం ముక్కని ఉప్పులో అద్ది బుగ్గన పెట్టుకునేదాన్ని. అల్లం మొరబ్బా కూడా సరే, సుగరు ఉన్నవాళ్ళు తప్ప. రక్తం పల్చబరిచే మందు, ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే అల్లం గురించి డాక్టరుకి చెప్పండి.

జీలకర్ర, వాము, సోంపు నీళ్ళ మాటేమిటంటే, వంటలో వాడే కొలతలో పల్చగా తాగితే నష్టం లేదు, పెద్ద ఆధారమూ లేదు. మీకు హాయిగా ఉంటే తాగండి. పక్కింటి పిన్నిగారు బాధపడతారని మాత్రం తాగొద్దు.

బీ6 అంటే పైరిడాక్సిన్, విటమిను. డాక్టర్లు సాధారణంగా 10 నుంచి 25 మిల్లీగ్రాములు రోజుకి మూడు సార్లు రాస్తారు. మాత్ర అంటేనే భయపడేవాళ్ళకి ఇది తేలికైన మొదటి అడుగు. బీకాంప్లెక్సు గొట్టాలతో దీన్ని కలగాపులగం చేసుకోవద్దు. ఆ గొట్టం మూత తీస్తే వచ్చే వాసనకే సగం మందికి డోకొస్తుంది. విటమినే కదా అని ఎడాపెడా మింగితే నరాలు తిమ్మిరెక్కుతాయి.

బీ6తో చాలనప్పుడు దానికి డాక్సిలమిన్ జోడించిన మాత్ర. మన దగ్గర డాక్సినేట్ అన్న పేరు ఎక్కువ వినపడుతుంది. నా దృష్టిలో రెండో మెట్టులో ఉన్నవాళ్ళు ముందు అడగాల్సింది ఇదే. మామూలుగా రాత్రి పడుకునే ముందు మొదలుపెడతారు. ఇందులో మందు నెమ్మదిగా విడుదలవుతుంది కాబట్టి రాత్రి వేసుకుంటే పొద్దున్నకి పనిలోకి దిగుతుంది. వాంతి వచ్చాక వేసుకునే మాత్ర కాదిది, రాకముందు రోజూ వేసుకునేది. ఇది తెలియక మా చెల్లి తిప్పినప్పుడల్లా ఒకటి వేసుకుని "పనిచేయట్లేదప్పా" అని ఫోన్లో ఏడ్చింది. రాత్రికి మార్చాక నాలుగో రోజుకి ఇడ్లీ తింది. నిద్ర వస్తుంది, అదే దీని చిక్కు. స్కూటీ నడిపేవాళ్ళు మొదటి రోజుల్లో జాగ్రత్త.

"మొదటి మూడు నెలలు ఏ మాత్రా వేసుకోకూడదు" అన్న భయం ఊరికే పుట్టలేదు. 1957లో జర్మనీలో థాలిడోమైడ్ అనే మందు వచ్చింది, గర్భిణులు వికారానికీ వాడారు. వేలమంది పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టారు. 1961లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. ఆ నీడ డాక్సిలమిన్ మీద కూడా పడింది. అమెరికాలో ఇదే కలయికతో ఉన్న మాత్రని కోర్టు కేసుల దెబ్బకి 1983లో కంపెనీయే ఆపేసింది. అది పిల్లలకి హాని చేసిందని పరిశోధనల్లో తేలనే లేదు. చివరికి 2013లో అక్కడి ప్రభుత్వ సంస్థ గర్భిణుల వికారానికే ప్రత్యేకంగా మళ్ళీ అనుమతిచ్చింది. అంటే వేవిళ్ళ మందుల్లో ఇంతగా పరీక్షకి నిలబడ్డది ఇదే. భయం కొద్దీ దీన్ని మానేసి నీళ్ళు కూడా నిలవని స్థితికి వెళ్ళడమే నాకు ఎక్కువ ప్రమాదంగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ షాపు కుర్రాడు ఇచ్చిన స్ట్రిప్పు. అది ఆన్‌డాన్‌సెట్రాన్. ఎమెసెట్ లాంటి పేర్లతో వస్తుంది, నాలుక మీద కరిగిపోతుంది, త్వరగా పనిచేస్తుంది. అందుకే షాపుల్లో చెయ్యి ముందు దాని మీదకే పోతుంది. మొదటి మూడు నెలల్లో దీన్ని వాడినవాళ్ళలో 10,000 కాన్పులకి 3 గ్రహణం మొర్రి కేసులు అదనంగా కనిపించాయి. చాలా చిన్న లెక్కే, దీన్ని ఇప్పటికే వేసుకున్నవాళ్ళు గుండెలు బాదుకోనక్కర్లేదు. అయినా డాక్సిలమిన్, బీ6 ప్రయత్నించకుండా మొదటే దీనికి ఎందుకు పోవాలి? గ్రహణం రోజున కోడల్ని చీకటి గదిలో కదలకుండా కూర్చోబెట్టే ఇళ్ళలోనే ఈ మాత్ర చీటీ లేకుండా కొనుక్కొస్తారు, అదీ విచిత్రం. దీనితో మలబద్ధకం బాగా వస్తుంది, తలనొప్పి కూడా. గుండె లయ సమస్య ఉన్నవాళ్ళకి పనికిరాదు. వాంతులు ముదిరి, వేరే మాత్రలు నిలవనప్పుడు డాక్టర్లే రాస్తారు, అప్పుడు నిశ్చింతగా వేసుకోండి. నా రెండోసారి పదో వారంలో నేనూ వేసుకున్నాను.

గ్యాస్ మాత్ర అని ఇచ్చేవాటిలో చాలావాటిలో డోంపెరిడోన్ అనే ఇంకో వాంతుల మందు కలిపి ఉంటుంది. అట్ట చదివి, డాక్టరుకి చూపించి వేసుకోండి.

మణికట్టు పట్టీల గురించి కూడా అడుగుతుంటారు. అరచేతి మడత నుంచి మూడు వేళ్ళ దూరంలో, రెండు నరాల మధ్య నొక్కే చోటు ఉంటుంది. పరిశోధనలు అటూ ఇటూగా ఉన్నాయి, హాని లేదు. పట్టీ కొనే బదులు బొటనవేలితో నొక్కి చూడండి, బస్సులో నాకు కాస్త పనికొచ్చింది.

ఐరన్ మాత్ర ఆపాలా?

చాలామందికి తెలియకుండానే వికారాన్ని పెంచేది ఇదే. మన ప్రభుత్వ పద్ధతిలో కూడా మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే, ఐరన్ నాలుగో నెల నుంచి. కాబట్టి ఆరో వారంలోనే ఐరన్ కలిసిన మాత్ర వేసుకుంటూ అల్లాడుతుంటే, ఫోలిక్ యాసిడ్ మాత్రమే ఉన్నదానికి మార్చమని డాక్టరుని అడగండి. ఫోలిక్ యాసిడ్ మాత్రం ఆపొద్దు. తర్వాత ఐరన్ మొదలయ్యాక రాత్రి భోజనం అయ్యాక వేసుకుంటే వికారాన్ని నిద్ర దాటించేస్తుంది. మట్టి, బలపం, బియ్యం తినాలనిపిస్తుంటే సిగ్గుపడకుండా చెప్పండి, రక్తం తక్కువైనప్పుడు అలా ఉంటుంది.

బస్సా, ఆటోనా?

గాజువాక నుంచి జగదాంబ వచ్చే ఉద్యోగస్తులకి నా సలహా బస్సే, ముందువైపు కిటికీ సీటు దొరికితే. షేర్ ఆటోలో పొగ, కుదుపు, పక్కవాళ్ళ మల్లెపూలు, మూడూ ఒకేసారి. ఫోన్ చూడొద్దు, దూరంగా చూడండి. మూడో నెల దాటేదాకా అరకు ఘాట్ రోడ్డు మాట ఎత్తొద్దు. సింహాచలం కొండ మలుపులూ అంతే. అప్పన్న ఎక్కడికీ పోడు, ఐదో నెలలో వెళ్ళి మొక్కు తీర్చుకోవచ్చు.

ఇంట్లో సెలైనా, ఆసుపత్రిలోనా?

మా తోటికోడలికి ఒక చిన్న క్లినిక్‌లో రోజు మార్చి రోజు గ్లూకోజు బాటిల్ ఎక్కించి పంపేవారు. ఎక్కించిన సాయంత్రం బాగుండేది, మర్నాటికి మళ్ళీ మొదటికి. రెండు వారాలు అలా గడిచాక ఆమె కాళ్ళు వణకడం చూసి మా బావగారు ఘోషాసుపత్రికి (విశాఖలో ఆడవాళ్ళ ప్రభుత్వాసుపత్రి) తీసుకెళ్ళారు. మూత్రంలో కీటోన్లు (తిండి లేక ఒంట్లో కొవ్వు కరిగితే వచ్చేవి) చూశారు, రక్తంలో ఉప్పు, పొటాషియం చూశారు, స్కాన్ తీశారు. కవలలైనా, ముత్యాల గర్భమైనా (బిడ్డకి బదులు మాయ బుడగల్లా పెరిగేది) వాంతులు విపరీతంగా ఉంటాయి, అందుకే స్కాన్. వారాల తరబడి తిండి లేనివాళ్ళకి గ్లూకోజు కన్నా ముందు బీ1, అంటే థయమిన్, ఇంజక్షన్ ఇవ్వాలని అక్కడే తెలిసింది. అది లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉందట.

అందుకే ఇంటికి కాంపౌండర్ని పిలిపించి బాటిల్ ఎక్కించుకోవడానికి నేను పూర్తిగా వ్యతిరేకం. ఒక్క బాటిల్‌తో తేరుకునే నీరసానికి ఓఆర్ఎస్ చాలు. ఓఆర్ఎస్ చాలకపోతే అది పరీక్షలు చేయాల్సిన వ్యవహారం. మీ డాక్టరున్న ప్రైవేటు ఆసుపత్రి దగ్గర్లో ఉంటే అక్కడికే వెళ్ళండి, మీ పాత రిపోర్టులు వాళ్ళ దగ్గరుంటాయి. లేకపోతే ఘోషాసుపత్రి, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) రెండూ ఉన్నాయి. కేజీహెచ్‌లో మిగతా విభాగాలన్నీ ఒకేచోట దొరుకుతాయి కాబట్టి థైరాయిడ్, గుండె లాంటి ఇబ్బంది కూడా ఉన్నవాళ్ళకి అదే నయం. అంత తొందర లేని మామూలు చూపింపుకి ప్రతి నెలా 9వ తారీఖున ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి ఉచిత పరీక్షలుంటాయి. మీ వీధి ఆశా కార్యకర్తని అడిగితే దగ్గరి ఆరోగ్య కేంద్రం చెప్తుంది. నీళ్ళు నిలవని రాత్రి, రక్తం పడిన వాంతి, స్పృహ తప్పడం, వీటికి 9వ తారీఖు కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

వెళ్ళేటప్పుడు ఒక కాయితం మీద మూడు లెక్కలు రాసుకెళ్ళండి: నిన్న ఎన్ని గంటలు తిప్పింది, ఎన్ని వాంతులు, ఊరికే డోకు ఎన్నిసార్లు. డాక్టర్లు తీవ్రత కొలిచేది దాదాపు ఈ మూడు ప్రశ్నలతోనే. దాని కింద చివరిసారి మూత్రం ఎప్పుడయిందో, పోయిన వారం బరువెంతో, ఏ మాత్రలు ఎప్పుడు వేసుకున్నారో. ఓపీలో మన వంతు వచ్చేసరికి నోట మాట రాదు, కాయితమే మాట్లాడుతుంది. సంచిలో మురీల డబ్బా, ఓఆర్ఎస్ సీసా, చిన్న తువ్వాలు, పాలిథిన్ కవర్లు రెండు పెట్టుకోండి. మా ఆయన ఒకటే పెట్టారు, కాన్వెంట్ జంక్షన్ దాటకుండానే రెండోది కావాల్సొచ్చింది.